ఐదో తారీఖు చీటీ

మా హాస్టల్లో ఎవరికీ సొంత పేర్లుండేవి కావు. 1991లో తిరుపతి పద్మావతి డిగ్రీ కాలేజీలో చేరిన వారానికే అందరం ఊళ్ళ పేర్లయిపోయాం. మదనపల్లె, కుప్పం, నగరి, పీలేరు, కాళహస్తి. నేను చంద్రగిరి. "కూతేస్తే వినపడే ఊరికి హాస్టలెందుకు మే నీకు?" అని మూడేళ్ళూ ఏడిపించారు. బస్సుల్లో తిరిగితే చదువు అబ్బదని మా నాయన పట్టుదల మరి.

చీటీ ఆలోచన కాళహస్తిది. 1993లో, పరీక్ష ఫీజు కట్టాల్సిన రోజుల్లో. నెలకి తలా పాతిక, ఆరుగురికి నూటయాభై. బయటి చీటీల్లో లాగా పాట లేదు, కమీషన్ లేదు. పేర్లు రాసిన కాగితం ముక్కలు టిఫిన్ బాక్సులో వేసి తీసేవాళ్ళం. ఒక్కటే షరతు. ఎవరికైనా అవసరం పడితే వరస మార్చుకోవచ్చు, ఎందుకని ఎవరూ అడగకూడదు. లెక్కల పుస్తకం నాకు అప్పజెప్పారు. బి.కాం. చదివింది నేనొక్కదాన్నే.

డిగ్రీ అయిపోయాక చీటీ కూడా అయిపోతుందనుకున్నాం. కానీ అప్పటికి మదనపల్లె వంతు రాలేదు. ఆమె డబ్బు ఎగ్గొట్టడం ఇష్టం లేక ఇంకో నెల, ఆ తర్వాత మళ్ళీ మొదటి నుంచి. నూరు రూపాయలు చేసి మనియార్డర్లు పంపుకునేవాళ్ళం. నూటికి ఐదు రూపాయల కమీషన్ పోస్టాఫీసు వాళ్ళు తీసుకున్నా మాకు గిట్టుబాటే, ఎందుకంటే ఎం.ఓ. ఫారం కింద నాలుగు ముక్కలు రాసుకునే చోటుండేది. కుప్పం అంత ఇరుకు చోటులో చీమల బారులాంటి అక్షరాలతో ఇంటి సంగతులన్నీ కుక్కేది. వాళ్ళ ఊరు మూడు రాష్ట్రాల సరిహద్దు కాబట్టి తెలుగు వాక్యంలో అరవం, కన్నడం కలిసిపోయేవి. సగం అర్థమయ్యేది కాదు, అయినా రెండుసార్లు చదివేదాన్ని.

ఇక నా తప్పు. 1998లో, చీటీ తలా మూడొందలయ్యాక, ఒక నెల మొత్తం పద్దెనిమిది వందలు నా దగ్గరుంటే, మా ఆయన ఒక ఫైనాన్స్ కంపెనీలో వేశాడు. రెండు నెలల్లో రెట్టింపని ఎవరో చెప్పారట. కంపెనీ మూతపడింది. ఆ నెల వంతు నగరిది, మగ్గానికి నూలు కొనాల్సిన డబ్బు. కమ్మలు కుదువపెట్టి పదకొండు రోజులు ఆలస్యంగా ఇచ్చాను. తీసుకుంది, ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆ తర్వాత మూడేళ్ళపాటు డబ్బు సరిగ్గా ఐదో తారీఖుకే పంపేది, ఫారం కింద చోటు మాత్రం ఖాళీ.

2009లో పీలేరు భర్త పోయాడు. ఆసుపత్రి వరండాలో నేనూ మదనపల్లె కవరు చేతిలో పెట్టబోతే తీసుకోలేదు. "జాలి డబ్బు నాకొద్దు" అంది. మదనపల్లెకి కోపమొచ్చింది. "జాలి ఎవడిక్కావాలి, ఈ నెల వంతు నీది, పుస్తకం చూసుకో" అంది. పుస్తకంలో ఆ నెల వంతు కాళహస్తిది. నేను కొట్టేసి పీలేరని రాసి చూపించాను. సంతకం పెట్టి తీసుకుంది. అప్పు అడగాలంటే తల వంచాలి, సాయమంటే ఇంకా వంచాలి. చీటీ అయితే తన డబ్బు తను తీసుకున్నట్టే. ఆ సంగతి మాకు ఆ వరండాలోనే తెలిసింది.

2021 నవంబరు 18న తిరుపతిలో కురిసిన వాన ఇక్కడివాళ్ళెవరూ మర్చిపోరు. తిరుచానూరు వైపున్న మా ఇంట్లో మంచం పట్టెల దాకా నీళ్ళు. నాలుగో రోజు అందరికంటే ముందు నగరి వచ్చింది, ఆటోలో ఒక మూట పవర్‌లూమ్ బట్టతో. తుడిచి తుడిచి బట్టంతా బురద చేశాక, నానిపోయిన లెక్కల పుస్తకం కనిపించింది. రాత్రి కరెంటు వచ్చాక కూర్చుని, పేజీల మధ్య బట్ట పెట్టి ఒక్కోటి ఇస్త్రీ చేసింది. 1998 దగ్గర ఆగుతుందేమోనని చూస్తున్నా. ఆగింది. "ఇదేం చెయ్యి మే, కోడి కెలికినట్టుంది" అని పక్కకి పెట్టి తర్వాతి పేజీ తీసింది.

2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మేం ఆరుగురం మూడు జిల్లాలకి ఇద్దరిద్దరం వెళ్ళాం. అది పెద్ద ఇబ్బందేం కాదు. 2023 జూలైలో టమాటా కిలో నూటయాభై దాటినప్పుడు మదనపల్లె డబ్బుకి బదులు ఒక క్రేటు టమాటాలు పంపింది. "ఈ నెల చీటీ ఇదే, ధర పడేలోపు లెక్క రాసుకో" అని ఫోన్. రాశాను. ఆరిళ్ళకీ పంచేసరికి సగం మెత్తబడ్డాయి.

ఇప్పుడు తలా ఐదు వేలు, ఫోన్‌పేలో వస్తుంది. కుప్పం పాత అలవాటు మాననే లేదు. ఫోన్‌పేలో మెసేజ్ రాసే చోట ప్రతి నెలా ఏదో ఒకటి రాస్తుంది, మనవరాలికి పన్ను వచ్చింది, బావిలో నీళ్ళు తగ్గాయి, ఇలా. ఈ నెల ఐదో తారీఖున డబ్బు వచ్చింది, కింద ఏమీ లేదు.

ఫోన్ చేశాను. ఏమీ లేదంది రెండుసార్లు. మూడోసారికి చెప్పింది, మోకాలికి ఆపరేషన్ అన్నారట, అడ్వాన్సు కట్టాలట. "ఈ నెల మదనపల్లె వంతు కదా, అందుకే..." అని నసిగింది.

మదనపల్లెకి ఫోన్ చేశా. మండీలో ఉన్నట్టుంది, ఒకటే గోల. "వరస మార్చాలి" అన్నాను. "మార్చు" అని పెట్టేసింది. ఎందుకని అడగలేదు.

పుస్తకం తీసి కొట్టేసి రాశాను. చెయ్యి ఇప్పటికీ కోడి కెలికినట్టే ఉంది.