రైమింగ్ వర్డ్స్ ముందు చెవికే

హన్మకొండలో మా ఒకటో తరగతి పిల్లలకు రైమింగ్ వర్డ్స్, అంటే చివరి శబ్దాలు కలిసే మాటలు చెప్తున్నా. ‘క్యాట్’కి రైమ్ అయ్యే మాట అడిగితే ఒక పాప టక్కున ‘బుక్కు’ అంది. ఎంత ముచ్చటేసిందో! తెలుగు మాటలు దాదాపు అచ్చుతోనే ముగుస్తాయి కదా, క్యాట్ కాస్తా తన నోట్లో ‘క్యాటు’ అయింది. క్యాటు, బుక్కు... రెండింటి చివరా ‘ఉ’ వినపడింది. ఆ చెవి చాలా శ్రద్ధగా విన్నట్టే.

అందుకే ఇప్పుడు బోర్డు పక్కన పెట్టేశాం. చివరి ‘ట్’ దగ్గర టక్కున ఆపి పలకడం, ‘యాట్’ మొత్తం కలిపి వినడం, అంతే. హ్యాట్, మ్యాట్, పెన్ అంటే ఏది కలవదో వాళ్లే పట్టుకోవాలి. ‘జ్యాట్’ లాంటి అర్థం లేని మాట అల్లినా చప్పట్లే. స్పెల్లింగ్ ముందే చూపిస్తే చిక్కు: కట్ (cut), పుట్ (put) రాతలో ఒకేలా ఉంటాయి, కలవవు. బ్లూ (blue), షూ (shoe) వేరుగా రాస్తాం, కలుస్తాయి.

2022-23 నుంచి మన తెలంగాణ సర్కారు బడుల్లోనూ ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఇంట్లో ఇంగ్లిష్ వినపడని పిల్లలే ఎక్కువ. అమ్మానాన్నలూ, వర్క్‌బుక్ నిండలేదని టెన్షన్ పడకండి. అన్నం తినిపిస్తూ రెండు మాటలు చెప్పి, కలిశాయా లేదా అని అడగండి చాలు.