శ్యామలే మీనాక్షి నేర్చుకున్న రోజు

ఏడో తరగతిలో మా సంగీతం పీరియడ్ శుక్రవారం మధ్యాహ్నం, లైబ్రరీ పక్క గదిలో ఉండేది. చాప మీద హార్మోనియం, గోడకి త్యాగరాజస్వామి పటం. ఆ రోజు టీచర్ ‘స స ప ప ద ద ప’ అని స్వరం పాడి, వెంటనే ‘శ్యామలే మీనాక్షి’ అంటూ సాహిత్యం అందుకున్నారు. నేను ఆగలేకపోయాను. "టీచర్, ఇది ట్వింకిల్ ట్వింకిల్ కదండీ!" అనేశాను. క్లాసంతా గొల్లుమంది.

టీచర్ కోప్పడలేదు. దగ్గరికి పిలిచి, నా వేలు పట్టుకుని హార్మోనియం మెట్ల మీద అవే స్వరాలు నొక్కించారు. "దీన్ని నొట్టుస్వరం అంటారమ్మా. ఇందులో గమకం వెయ్యకూడదు, అంటే స్వరాన్ని ఊపి పాడకూడదు. మెట్టు మీద వేలు పడ్డట్టే గొంతు తిన్నగా పడాలి" అన్నారు. మిగతా పాఠాల్లో గమకం సరిగ్గా పలికేదాకా వదలని మనిషి, దీనికి మాత్రం వద్దన్నారు. కర్ణాటక సంగీత వాగ్గేయకారులు ముత్తుస్వామి దీక్షితుల వారు మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో ఇంగ్లీషు బ్యాండు విని, ఆ వరసలకి సంస్కృతంలో సాహిత్యం కట్టారట. ‘నోట్’ అన్న మాటే ‘నొట్టు’ అయింది.

చాలా ఏళ్లు నేను, దీక్షితులు ట్వింకిల్ పాట విని ఈ కృతి రాశారనే అనుకున్నాను. నలుగురికీ అలాగే చెప్పాను. అది తప్పు. ఆ వరస ఫ్రాన్సుది. 1761లో పారిస్‌లో మాటల్లేకుండా అచ్చయింది. తర్వాత, తన మనసులో బాధ అమ్మకి చెప్పుకునే ఒక అమ్మాయి పాట దానికి జత కలిసింది. మొజార్ట్ అదే వరసని పియానో మీద పన్నెండు రకాలుగా మార్చి రాశాడు. మన ఏబీసీడీ పాటదీ అదే వరస. ట్వింకిల్ పాటకి మాటలైన పద్యాన్ని జేన్ టేలర్ అనే ఇంగ్లీషు కవయిత్రి నక్షత్రం మీద రాసింది 1806లో. ఆ పద్యం, ఈ వరస కలిసి అచ్చులోకి వచ్చింది 1838లో. దీక్షితులు 1835లోనే వెళ్లిపోయారు! ట్వింకిల్ పాట విని రాసింది కాదది. ఆ ఫ్రెంచి వరస లండన్‌కి ఒక దారిన, మధుర మీనాక్షి దగ్గరికి ఇంకో దారిన చేరింది.

పోయినేడు టీచర్‌ని చూడటానికి వెళ్లినప్పుడు ఇదంతా చెప్పాను. కళ్లు మూసుకుని విని, "ఏదీ, పాడమ్మా" అన్నారు. మొదలుపెట్టాను. ‘మీనాక్షి’ దగ్గర అలవాటుగా నా గొంతు కాస్త ఊగింది. కళ్లు తెరవకుండానే టీచర్ చూపుడు వేలు పైకెత్తి ఆపారు. మళ్లీ మొదటినుంచి, తిన్నగా పాడాను.