అర నంబరు తేడా: కంటి టెక్నీషియన్ కోర్సులో నా అనుభవం

నిన్న మధ్యాహ్నం డిప్లొమా సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఆప్తాల్మిక్ అసిస్టెంట్, రెండేళ్ల కోర్సు. ఆ కాగితం కోసం కాలేజీ ఆఫీసు చుట్టూ 5 సార్లు తిరిగాను. ఆ మంట ఇంకా చల్లారలేదు, అక్కడక్కడా ఘాటుగా ఉంటే సర్దుకోండి.

2019 అక్టోబరులో ఆంధ్రలో కంటి వెలుగు మొదలైనప్పుడు మా బడిలో కూడా పిల్లలకు కళ్లు చూశారు. కుడి కన్ను మూసుకోమనగానే నా పక్క బెంచీ అమ్మాయి చార్టు వైపు చూస్తూ అలాగే నిలబడిపోయింది. ఎడమ కన్ను దాదాపు కనబడదట. పదో తరగతి దాకా ఆ సంగతి ఇంట్లోవాళ్లకీ తెలీదు, దానికీ తెలీదు. ఇంటర్ బైపీసీ అయ్యాక నీట్‌లో ర్యాంకు ఎలాగూ రాలేదు. నర్సింగ్ అంటే ఇష్టం లేదు. అప్పుడు ఆ అమ్మాయి గుర్తొచ్చి ఇందులో చేరాను.

అడ్మిషన్ ఒక్క పూటలో అయిపోయింది. అనాటమీ బట్టీ కొట్టాను. కంటిని పెద్దది చేసి చూపించే స్లిట్ ల్యాంప్ వారంలో అలవాటైంది. కన్నీటి దారి తెరుచుకుని ఉందో లేదో చూసే సిరింజింగ్‌కి మొదట చెయ్యి వణికింది గానీ, ఒక పెద్దాయన "గొంతులో ఉప్పగా తగిలిందమ్మా" అనగానే భయం పోయింది. నీళ్లు దిగాయన్నమాట.

నన్ను ఏడిపించింది రెటినోస్కోపీ, అంటే వెలుగు వేసి కళ్లజోడు నంబరు కనిపెట్టే పరీక్ష.

చెప్పడానికి తేలికే. గది చీకటిగా ఉంటుంది. పేషెంటు దూరంగా చూస్తుంటాడు. మనం చెయ్యి చాపినంత దూరంలో కూర్చుని కంటిపాపలోకి సన్నటి వెలుగు గీత వేసి అటూ ఇటూ కదుపుతాం. లోపల నారింజ రంగు మెరుపు కనిపిస్తుంది. అది మన గీతతో పాటే కదిలితే ప్లస్ అద్దం వెయ్యాలి, ఎదురు తిరిగితే మైనస్. కదలిక ఆగి, కంటిపాప మొత్తం ఒక్కసారిగా వెలుగుతో నిండిపోయిందంటే సరిగ్గా వచ్చినట్టు. అక్కడున్న నంబరులోంచి 1.50 తీసేస్తే అసలు నంబరు. మొదటి రెండు నెలలు నాకు ఏ కదలికా కనబడలేదు. కనబడిందని అబద్ధం చెప్పాను. మా బ్యాచ్‌లో సగం మంది అదే చెప్పారు. మూడో నెలలో నిజంగానే కనబడింది. అవమానాలు కూడా అప్పుడే మొదలయ్యాయి.

ట్రైనింగ్ వేసిన ఆసుపత్రి ఓపీలో ఒక సీనియర్ సార్ ఉండేవారు. ఒక ఆటో డ్రైవరుకి నేను చూసి మైనస్ 1.50 అని రాశాను. ఆ అద్దాలు పెడితే ఆయన చార్టులో 6/9 వరస దగ్గర ఆగిపోయాడు. సార్ ఇంకో అర మైనస్ వెయ్యగానే, మామూలు చూపుకి గుర్తైన 6/6 వరస గడగడా చదివేశాడు. సార్ నా చీటీని పైకెత్తి, బెంచీ మీద కూర్చున్న పదిహేను మందికీ వినబడేలా, "ముందు ఈవిడగారికి కళ్లు చెక్ చెయ్యండ్రా" అన్నారు. మూలనున్న ఆటో రిఫ్రాక్టోమీటర్ని, అంటే కంటి నంబరు తనంతట తనే కొలిచే మిషన్ని చూపించి, "దానికి జీతం లేదు, చదువు లేదు. నీకంటే అదే నయం" అన్నారు. అందరూ నవ్వారు. ఆ డ్రైవరు మాత్రం, "పోనీలెండి సారూ, నేర్చుకునే పిల్ల" అన్నాడు. సార్ తిట్టినప్పుడు రాని ఏడుపు ఆ మాటకి వచ్చింది.

మూడు వారాలు ఇదే వరస. ఎక్కడ తప్పుతున్నానో ఎవరూ చెప్పలేదు, తప్పు అని మాత్రం రోజూ చెప్పారు. ఒక రాత్రి హాస్టల్లో రికార్డు బుక్కు తీసి, నేను రాసిన నంబర్ల పక్కన ఫైనల్‌గా ఇచ్చిన నంబర్లు రాసుకుంటూ పోయాను. 40 కేసుల్లో 31 చోట్ల ఒకే తేడా. ప్రతిసారీ నాది అర ప్లస్ ఎక్కువ. చేతకానిదాన్నైతే తప్పులు నలుదిక్కులా ఉండాలి కదా, అన్నీ ఒకే వైపు ఎందుకున్నాయి?

మర్నాడు అమ్మ జాకెట్లు కుట్టే టేపు లాంటిదే ఒకటి కొని ఆప్రాన్ జేబులో వేసుకెళ్లాను. ఫ్రెండుని కూర్చోబెట్టి, నేను మామూలుగా కూర్చునే చోట కూర్చుని కొలిచాను. సరిగ్గా 50 సెంటీమీటర్లు. నేను నాలుగడుగుల పది అంగుళాలు. ఒక చేత్తో వెలుగు పట్టుకుని రెండో చేత్తో పేషెంటుకి పెట్టిన ట్రయల్ ఫ్రేములో, అంటే పరీక్ష కళ్లజోడులో అద్దాలు మార్చాలంటే నాకు తెలియకుండానే ముందుకు జరుగుతున్నాను. ఆ 1.50 అనేది 67 సెంటీమీటర్ల దూరానికి లెక్క. వందని దూరంతో భాగిస్తే వచ్చేదే తీసెయ్యాల్సిన నంబరు. 50కి అది 2.00. పొడుగు చేతులవాళ్ల లెక్కని నా చేతికి కట్టేశారు, అంతే. ఆ రోజు నుంచి 2.00 తీసెయ్యడం మొదలుపెట్టాను. వారంలో నా చీటీలు దిద్దడం ఆగిపోయింది. సార్ దాని గురించి ఒక్క మాటా అనలేదు, నేనూ చెప్పలేదు.

ఫైనల్ ప్రాక్టికల్స్‌లో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మేడమ్ "1.50 కదా తీసెయ్యాలి?" అని అడిగారు. జేబులోంచి టేపు తీసి కొలిచి చూపించాను. గొప్ప అనుకోండి, నాకభ్యంతరం లేదు.

సార్ చూపించిన ఆ ఆటో రిఫ్రాక్టోమీటర్ గురించి ఒక మాట. పెద్దవాళ్లకి అది బాగానే పని చేస్తుంది. పిల్లల కళ్లు మాత్రం దగ్గరి చూపుకి బిగుసుకునే ఉంటాయి. ఆ బిగువు సడలించే డ్రాప్స్ వెయ్యకుండా మిషన్ చీటీ చూసి రాసేస్తే లేని మైనస్ అంటగట్టే ప్రమాదం ఉంది. అలా రాసిన జోడు పెట్టుకుని తలనొప్పితో వచ్చిన ఎనిమిదేళ్ల పిల్లని నేనే చూశాను.

చేరబోయేవాళ్లకి నాకు తోచింది చెప్తాను. కాలేజీకి పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉందో లేదో కాగితం అడిగి చూడండి. రోజూ ఓపీ ఉన్న ఆసుపత్రికి పంపుతారా అని అడగండి, బోర్డు మీద కన్ను బొమ్మ చూసి మోసపోకండి. ఒరిజినల్ మెమోలు ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోండి. నేను తీసుకోలేదు. కోర్సయ్యాక 8,000 బాకీ ఉందని మా గుమాస్తా అన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాడు. కట్టేశానని ఫోన్‌లో మెసేజ్ చూపిస్తే, "ఫోన్లు మాకు చెల్లవమ్మా" అన్నాడు. నాలుగోసారి నాన్న కూడా వచ్చారు. అప్పుడు నాన్నకి కుర్చీ వేసి, టీ తెప్పించి, "రేపు రండి సార్" అన్నాడు. అంతకుముందు మూడుసార్లూ నేను నిలబడే ఉన్నాను.

సోమవారం ఒక మండల కేంద్రంలో డ్యూటీలో చేరుతున్నాను. మొన్న గది చూసొచ్చాను. ఆరు మీటర్ల చార్టుని మూడు మీటర్లకే తగిలించారు, చార్టుని అద్దంలో చూపించి దూరం రెట్టింపు చేద్దామంటే ఎదురుగా నిలువుటద్దం కూడా లేదు. ముందు ఆ మేకు సంగతి చూడాలి.