రోకలి నిలబడిందంట, చూశారా?

2020 జూన్ 21 గుర్తుందా, లాక్‌డౌన్ టైమ్‌లో ఆదివారం పూట సూర్యగ్రహణం. గ్రహణం పట్టినప్పుడే రోకలి దానంతట అది నిలబడుద్దని మనవాళ్ళ నమ్మకం కదా. పొద్దున్నుంచే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో వీడియోలు మొదలు, ఇత్తడి పళ్ళెం, అందులో పసుపు నీళ్ళు, మధ్యలో నిటారుగా రోకలి. మా ఇంట్లో కూడా అమ్మ పెట్టింది, రెండుసార్లు ఒరిగిపోయి మూడోసారి నిలబడింది, అందరం చప్పట్లు. దాన్ని వీడియో తీసి దండం ఎమోజీలతో గ్రూపులో పెట్టింది ఎవరనుకున్నారు, మా మామయ్య. ఎమ్మెస్సీ ఫిజిక్స్, ఇరవై ఏళ్ళుగా పిల్లలకి గరిమనాభి (వస్తువు బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కేసే బిందువు) పాఠం చెప్తున్న మనిషి. నేను బీటెక్ మెకానికల్, నేనూ నోరెళ్ళబెట్టే చూశా, దాచుకోవడం ఎందుకు.

మర్నాడు సోమవారం, గ్రహణం లేదు ఏం లేదు, ఆఫీస్ కాల్ మధ్యలో బోర్ కొట్టి ఊరికే నిలబెట్టి చూశా. నిలబడింది. మంగళవారం కూడా నిలబడింది. అమ్మకి చూపిస్తే "మొన్నటి పవర్ ఇంకా పోయుండదులేరా" అంది. అమ్మమ్మ మాత్రం మంచం మీద నుంచే "రోకలి అడుగున ఇనప పొన్ను చదునుగా ఉంటే నిలబడదా ఏంటి, మా పుట్టింటి రోకలికి పొన్ను అరిగి గుండ్రంగా అయిపోయింది, అది ఎన్ని గ్రహణాలు పట్టినా నిలబడలా" అంది. మూడో తరగతితో ఆపేసిన మనిషి! (గ్రహణం మహిమ కూడా నమ్ముద్ది, అది వేరే సంగతి.) బరువంతా అడుగు భాగం మీదుగా దిగితే వస్తువు పడదు అని నేను టెన్త్‌లో రాశా, ఇంటర్‌లో రాశా, ఎంసెట్‌కి బిట్లు బట్టీ కొట్టా, కానీ ఆ పాఠంలో ఉన్నది పీసా టవరూ, డబుల్ డెక్కర్ బస్సూ. మా వంటింట్లో మూలన ఉన్న రోకలి సిలబస్‌లో లేదు కదా.

మామయ్యని అడిగా, క్లాసులో చెప్పేది ఇదేగా అని. "అది సబ్జెక్టురా, ఇది వేరు" అన్నాడు. నవ్వొచ్చింది గానీ ఆలోచిస్తే నా బుర్రలో కూడా అవి రెండు వేర్వేరు గదులే.

మనకే అనుకోకండి, 1987లో వచ్చిన ఒక డాక్యుమెంటరీలో హార్వర్డ్ గ్రాడ్యుయేషన్ రోజు గౌన్లేసుకుని తిరిగేవాళ్ళని, ప్రొఫెసర్లని కలిపి 23 మందిని పట్టుకుని ఎండాకాలం ఎందుకొస్తది, చంద్రుడు ఎందుకు పెరుగుతూ తరుగుతూ కనిపిస్తాడు అని అడిగితే 21 మంది ఎక్కడో ఒకచోట తప్పారు. ఎక్కువమంది చెప్పింది భూమి సూర్యుడికి దగ్గరగా వెళ్తుందని. నిజానికి మనం దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు, జూలైలో 15.2 కోట్లు.

మా అన్నయ్య కూతుర్ని అడిగా ఇదే ప్రశ్న, ఎనిమిదో తరగతి. టక్కున చెప్పింది, "భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉండుట వలన". మార్కులు ఫుల్లు. వంగితే ఏమవుతది అంటే మళ్ళీ అదే వాక్యం, ఈసారి కొంచెం గట్టిగా. సరే అని లైట్లు ఆర్పి ఫోన్ టార్చ్‌కి ఒక అట్ట గొట్టం తగిలించి గోడ మీద నేరుగా కొట్టా, చిన్న గుండ్రం, కళ్ళు జిగేల్‌మన్నాయి. ఏటవాలుగా కొడితే అదే వెలుతురు బారెడు పాకి పేలవంగా అయిపోయింది. కాసేపు చూసి "అంటే చలికాలంలో ఎండ పల్చబడుద్దా బాబాయ్" అంది. పల్చబడుద్ది, ఈ మాట ఏ గైడ్‌లోనూ లేదు, నాకైతే 23.5 కన్నా ఇదే నచ్చింది. పగళ్ళు కూడా పొట్టివి అవుతాయని ఆ తర్వాత తనే గుర్తు చేసింది.

2023 మే 9న హైదరాబాద్‌లో జీరో షాడో డే అన్నారు, మధ్యాహ్నం 12:12కి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన. మన ఊరు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి ఏడాదికి రెండుసార్లు అలా వస్తది, ఇంకోటి ఆగస్టు మొదట్లో. సెలవలు కదా, పిల్ల ఇంట్లోనే ఉంది, మేడ మీద నిటారుగా నిలబెట్టడానికి ఏదైనా పొడవాటిది కావాలంది. కాళ్ళు కాలిపోతుంటే ఇద్దరం పట్టుకెళ్ళి నిలబెట్టాం, నీడ కుంచించుకుపోయి పొన్ను కిందకి దూరిపోయింది. మెట్ల మీద నుంచి అమ్మ తొంగి చూసి, రోకలిని చూసి, ఆకాశం వంక చూసి అడిగింది, "ఇవాళేం గ్రహణంరా, నాకు చెప్పలేదే!"