మౌ నేర్పిన చేతివిద్యకు ఒక గంట

సికింద్రాబాద్ నుంచి మధ్యప్రదేశ్‌లోని సైనిక పట్టణం మౌకి ఒకప్పుడు మీటర్ గేజ్ దారి ఉండేది. నిజామాబాద్, నాందేడ్, పూర్ణా, అకోలా, ఖండ్వా మీదుగా మీనాక్షి ఎక్స్‌ప్రెస్ పోయేది. కాలాకుండ్‌లో ఇంకో ఇంజన్ తగిలిస్తే గాని బండి పాతాల్‌పానీ ఘాట్ ఎక్కేది కాదు. ఆ ఆగిన కాసేపట్లో ప్లాట్‌ఫారం మీద ఆకుల్లో పెట్టి కలాకంద్ అమ్మేవాళ్లు. జంట నగరాల్లోనూ చుట్టుపక్కల జిల్లాల్లోనూ స్థిరపడిన సిగ్నలర్లలో, అంటే సైన్యంలో సందేశాలు నడిపినవాళ్లలో, ఆ దారిన ట్రంకు పెట్టె మోసుకెళ్లినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. 1946లో సిగ్నల్స్ స్కూలుగా మొదలై, 1967లో మిలిటరీ కాలేజ్ ఆఫ్ టెలీకమ్యూనికేషన్ ఇంజనీరింగ్ అని పేరు మార్చుకున్న ఆ చోట వాళ్లు నేర్చుకున్నది పుస్తకాల్లో కొంతే ఉంది. మిగతాదంతా వాళ్ల మణికట్టులో, చెవిలో, వేళ్ల చివర ఉంది.

మన మాజీ సిగ్నలర్ల స్థానిక శాఖ సమావేశం జరిగే తీరు మనందరికీ తెలుసు. ఫిబ్రవరి 15కి దగ్గరి ఆదివారం చూసుకుంటాం. 1911లో అదే తేదీన ఫతేగఢ్‌లో 31, 32 డివిజనల్ సిగ్నల్ కంపెనీలు ఏర్పడ్డాయి కాబట్టి మన కోర్ ఆఫ్ సిగ్నల్స్ పుట్టినరోజు అదే. అమరులకు మౌనం, స్వాగతం, లెక్కల పత్రం, శాలువాలు, ఫొటో, చివర బడా ఖానా అనే సామూహిక భోజనం. ఇవన్నీ ఉండాల్సినవే. అయితే శాలువాల వంతు సగానికి తగ్గించి, భోజనానికి ముందు ఒక నిండు గంట చేతివిద్యకు కేటాయించాలని ఈ సంచిక ద్వారా శాఖను గట్టిగా కోరుతున్నాం. ఎనభై దాటిన ఉస్తాద్ పక్కన మనవడిని కూర్చోబెట్టి, మోర్స్ కీ మీద వాడి చెయ్యి సరిచేయించే అవకాశం ఏడాదికి ఒక్కసారే వస్తుంది.

ఆ గంటకు కావలసిన సామాను పెద్దదేమీ కాదు.

మోర్స్ అంటే చుక్కలు, గీతల శబ్దాలతో అక్షరాలు పంపే పద్ధతి. ఆ బల్లకు ఒక కీ (నొక్కే మీట), శబ్దం చేసే చిన్న ఆసిలేటర్ చాలు. 555 ఐసీ అనే చిన్న చిప్‌తో తక్కువ ఖర్చులోనే తయారవుతుంది. 7వ పిన్ను నుంచి ప్లస్‌కు 10 కిలో ఓమ్, 7కీ 6కీ మధ్య 91 కిలో ఓమ్, 6నీ 2నీ కలిపి అక్కడి నుంచి మైనస్‌కు 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే స్వరం 750 హెర్ట్జ్ దగ్గర నిలుస్తుంది. చెవికి అలసట రాని స్వరం అది. 3వ పిన్ను నుంచి 100 ఓమ్, 10 మైక్రోఫారడ్ వరుసగా పెట్టి చిన్న స్పీకరుకు ఇవ్వాలి. 9 వోల్టుల బ్యాటరీ. చాలామంది కీని బ్యాటరీ దారిలోనే పెడతారు. మోగుతుంది గానీ, నొక్కిన ప్రతిసారీ సర్క్యూటు కొత్తగా లేవాలి కాబట్టి స్వరం మొదట్లో జారుతుంది. దానికన్నా 4వ పిన్నును 10 కిలో ఓమ్‌తో మైనస్‌కు కట్టి, కీ నొక్కినప్పుడు ఆ పిన్ను ప్లస్‌కు తగిలేలా చేస్తే చుక్క మొదలూ చివరా శుభ్రంగా తెగుతాయి.

కీని బల్లకు బిగించాలి. చేత్తో పట్టుకుని కొడితే అది పాకుతుంది, దాని వెనక చెయ్యీ పాకుతుంది. కాంటాక్టుల మధ్య ఒక పోస్టుకార్డు మందమంత సందు చాలు. స్ప్రింగు మరీ వదులైతే చుక్కలు అంటుకుపోతాయి, మరీ బిగువైతే పది నిమిషాలకే ముంజేయి లాగుతుంది. మోచెయ్యి బల్ల ఎత్తులో ఉండాలి. కదలాల్సింది మణికట్టు. కొత్తవాళ్లు వేలితో పొడుస్తారు, తలుపు గంట నొక్కినట్టు. అలా కొట్టినవాడి వేగం ఎక్కువ దూరం పోదు, చెయ్యి పట్టేస్తుంది.

కాలం లెక్క ఒక్కటే. చుక్క ఒక వంతు, గీత మూడు వంతులు. అక్షరం లోపల సందు ఒకటి, అక్షరాల మధ్య మూడు, మాటల మధ్య ఏడు. నిమిషానికి 12 మాటల వేగంలో చుక్క సెకనులో పదోవంతు. 20 మాటలకు పోతే 60 మిల్లీసెకన్లు. తప్పులు ఎక్కువగా సందుల్లోనే పుడతాయి, చుక్క గీతల్లో కాదు. ‘ఏ’ మధ్యలో చెయ్యి కాస్త తడబడితే అవతలివాడి కాగితం మీద ‘ఈ’, ‘టీ’ అని రెండు అక్షరాలు పడతాయి. ‘సీ’ చీలితే రెండు ‘ఎన్’లు. ‘ఎస్’, ‘హెచ్’, అంకె 5 వరుసగా మూడు, నాలుగు, ఐదు చుక్కలు కాబట్టి తొందరపడే చేతికి ఈ మూడూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

నేర్పేటప్పుడు పిల్లల చేతికి చుక్కలు గీతల పట్టిక ఇవ్వొద్దు. ఇదొక్కటీ పట్టుదలగా పాటించాలి. పట్టిక చూసి నేర్చినవాడు శబ్దం విని, దాన్ని కళ్లముందు చుక్కలుగా మార్చి, పట్టికలో వెతికి, అప్పుడు రాస్తాడు. నిమిషానికి పది మాటలు దాటేసరికి ఆ వెతుకులాటకు టైము చాలదు, అక్కడే ఆగిపోతాడు. ‘డా డిట్ డా డిట్’ అన్న చప్పుడంతా ఒకే మాటలా చెవిన పడి, అదే ‘సీ’గా చేతిలోంచి దిగాలి. అందుకని మొదటి రోజు నుంచే అక్షరాన్ని 15 మాటల వేగంతోనే కొట్టి, అక్షరానికీ అక్షరానికీ మధ్య మాత్రం ఎక్కువ ఎడం ఇవ్వాలి. వేగం పెంచడమంటే ఆ ఎడం తగ్గించడమే. పరీక్షకు అర్థం ఉన్న మాటలు కాకుండా ఐదేసి అక్షరాల గుంపులు ఇవ్వాలి. మామూలు వాక్యమైతే చెయ్యి ముందుకెళ్లి ఊహించి రాసేస్తుంది. ఊహ తప్పినప్పుడు దాన్ని దిద్దుతూ తర్వాతి రెండు అక్షరాలూ పోగొట్టుకుంటుంది. ఒక అక్షరం జారితే చుక్క పెట్టి ముందుకు పోవాలి, వెనక్కి చూడకూడదు.

ఇక తీగ. మైదానం అంచున వంద మీటర్ల లైను వేసి రెండు చివరల మాగ్నెటో టెలిఫోన్లు (హ్యాండిల్ తిప్పితే అవతల గంట మోగేవి) పెడితే పిల్లలు దాన్ని వదలరు. ఒక్కో టెలిఫోనుకు 1.5 వోల్టుల పెద్ద సెల్స్ రెండు. వంద మీటర్ల నేలకు 120 మీటర్ల కేబుల్ విప్పాలి. బిగువుగా లాగిన తీగ గుంతల మీద గాల్లో లేచి కాళ్లకు తగులుతుంది, తెగితే జాయింటు వెయ్యడానికి ఒక్క జానెడు కూడా ఇవ్వదు. ఆ ఇరవై శాతం వదులు అందుకోసం. దారి దాటే చోట తీగను పాతాలి, లేదా 5.5 మీటర్ల ఎత్తున కట్టాలి. వంటవాళ్ల వ్యాను వచ్చే దారి ఏదో ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

జాయింటు వెయ్యడం చూపించాల్సిన పద్ధతిని లైన్‌మన్ మిత్రులు కళ్లు మూసుకుని చెప్పగలరు. మొదట తెగిన రెండు చివరల్లోనూ ఉన్న జంట వైర్లలో ఒక్కొక్కదాన్ని ప్లయర్ పొడవంత, అంటే దాదాపు 15 సెంటీమీటర్లు, పొట్టి చెయ్యాలి. ఇటువైపు పొట్టిది అటువైపు పొడుగుదానితో కలవాలి. అప్పుడు రెండు ముడులూ పక్కపక్కన పడవు, టేపు నాని ఊడినా ఒకదానికొకటి తగిలి షార్టు కావు. తొడుగు తీసేటప్పుడు రాగి పోగులు తెగకుండా చూసుకోవాలి. ఆ కేబుల్‌లో కరెంటు మోసేది రాగి పోగు, బరువు మోసేది ఉక్కు పోగు. ఉక్కు ఒక్కటే మిగిలితే లాగినా తెగదు గానీ మాట సన్నగిల్లిపోతుంది, ఆ లోపం ఎక్కడుందో పట్టుకోవడం చాలా కష్టం. తర్వాత రీఫ్ నాట్: ఎడమది కుడి మీద, కుడిది ఎడమ మీద. రెండుసార్లూ ఒకే పక్క వేస్తే ముడి జారుతుంది. ముడికీ తొడుగు అంచుకీ మధ్య 6 మిల్లీమీటర్లు తొడుగు లేకుండా ఉంచి, సన్నని తీగతో చుట్టి, ఆ పైన టేపు. టేపు తొడుగు మీద రెండు పక్కలా ఎక్కాలి. వేశాక చేతులకు చుట్టుకుని ఒకసారి గట్టిగా లాగి చూడాలి.

లైను మూగబోతే ముందు హ్యాండిల్ తిప్పి చెయ్యి చెప్పేది వినాలి. బరువుగా తిరిగితే ఎక్కడో రెండు వైర్లూ తగిలాయి. మరీ తేలిగ్గా తిరిగితే లైను తెగింది. తర్వాత సరిగ్గా సగానికి నడిచి అక్కడి నుంచి వెనక్కి కాల్ చెయ్యాలి. జవాబు వస్తే లోపం ముందు సగంలో ఉన్నట్టు, రాకపోతే నడిచి వచ్చిన సగంలో. మళ్లీ అందులో సగం. పదహారు ముక్కల లైనులో నాలుగు పరీక్షలకు చెడ్డ ముక్క దొరుకుతుంది. మొదటి జాయింటు నుంచి వరసగా చూసుకుంటూ పోయేవాడు అదృష్టం మీద ఆధారపడ్డట్టే. పిల్లలకు ఒక జాగ్రత్త చెప్పాలి: హ్యాండిల్ తిప్పుతుండగా టెర్మినళ్లు ముట్టుకోకూడదు. సెల్స్ మూడు వోల్టులే అయినా మాగ్నెటో నుంచి 80 వోల్టుల పైన ఏసీ వస్తుంది.

నెట్ పద్ధతి, అంటే పలువురు ఒకే ఫ్రీక్వెన్సీలో వంతులవారీగా మాట్లాడే తీరు, నేర్పడానికి రేడియో సెట్లు అక్కర్లేదు. నలుగురిని నాలుగు మూలల నిలబెట్టి, ఒకరిని కంట్రోల్‌గా పెట్టి, హాజరు పట్టీనే నెట్ కాల్‌గా పిలిస్తే సరిపోతుంది. స్విచ్ నొక్కినట్టు చేసి అర సెకను ఆగి మాట్లాడాలి. అసలు సెట్‌లో ఆగకపోతే మొదటి అక్షరం పోతుంది, పోయేది ఎక్కువగా కాల్‌సైన్‌లోదే (స్టేషన్ పిలుపు పేరులోదే). ‘రోజర్’ అంటే అందింది అని మాత్రమే. చేస్తాను అని చెప్పాలంటే ‘విల్కో’. ‘ఓవర్’ అంటే జవాబు చెప్పు, ‘అవుట్’ అంటే అయిపోయింది. సినిమాల్లో లాగా రెండూ కలిపి అనడం అర్థం లేని పని. మళ్లీ చెప్పమనడానికి ‘రిపీట్’ అనకూడదు, ‘సే అగైన్’ అనాలి. ఫిరంగుల వాళ్ల నెట్‌లో ‘రిపీట్’ అంటే అదే చోట మళ్లీ పేల్చమని. తెలుగు నోటికి ప్రత్యేకంగా ఒక దిద్దుబాటు అవసరం. మనం ప్రతి మాట చివరా అచ్చు కలిపి సాగదీస్తాం. గొరగొరలో ఆ తోక తర్వాతి మాటకు అంటుకుంటుంది. ‘ఫైవ్’, ‘నైన్’ కలగాపులగం కాకుండా ‘ఫైఫ్’, ‘నైనర్’ అనిపించింది కూడా ఇలాంటి కారణానికే.

శాఖలో అమెచ్యూర్ (హాబీ) రేడియో లైసెన్సు ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే ఏరియల్ కూడా కట్టొచ్చు. లేకపోతే ప్రసారం జోలికి పోవద్దు. 143ని మెగాహెర్ట్జ్‌లో ఉన్న ఫ్రీక్వెన్సీతో భాగిస్తే డైపోల్ (రెండు చేతుల తీగ ఏరియల్) మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి 20.1 మీటర్లు, ఒక్కో చెయ్యి పదికి కాస్త పైన. ముప్పై సెంటీమీటర్లు ఎక్కువే కోసి తర్వాత తగ్గించుకోవాలి. ఐదారు మీటర్ల ఎత్తున కడితే తరంగం నిటారుగా పైకి పోయి కొన్ని వందల కిలోమీటర్ల లోపే దిగుతుంది. పగలు వరంగల్, నెల్లూరు, కర్నూలు వినిపిస్తాయి. పొద్దు గూకాక, ఆ తరంగాన్ని పైనుంచి కిందికి తిప్పి పంపే అయానోఆవరణం పలచబడి అదే ఫ్రీక్వెన్సీలో దగ్గరి ఊళ్లు మాయమై దూరం ఊళ్లు మోగుతాయి. రాత్రికి తక్కువ ఫ్రీక్వెన్సీకి దిగమని మౌలో ఎందుకు చెప్పారో అప్పుడు చెవికే తెలుస్తుంది. మనవలకు ఆసక్తి పుడితే హైదరాబాద్‌లోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. జనరల్ గ్రేడు పరీక్షకు నిమిషానికి 8 మాటల మోర్స్ కావాలి. మన బల్ల దగ్గర కూర్చున్న పిల్లలకు అది కొండ కాదు.

ఈ ముచ్చట్లలో ఇప్పటి సెట్లు, ఫ్రీక్వెన్సీలు, యూనిట్ల చోట్లు రాకూడదు. సర్వీసు నంబర్లతో ఉన్న సభ్యుల జాబితా వాట్సాప్‌లో పెట్టకూడదు. ఇవి తెలియక కాదు, ఉత్సాహంలో మరిచిపోతాం కాబట్టి గుర్తు చేస్తున్నాం.

ఒక మూలన పెన్షన్ బల్ల తప్పకుండా ఉండాలి. ముఖ్యంగా వీరనారీమణుల కోసం. సైనిక పెన్షన్ల ఆన్‌లైన్ వ్యవస్థ స్పర్శ్‌లో ఆగిపోయే పనుల్లో చాలా వాటికి మూలం పేర్ల తేడా. డిశ్చార్జి బుక్కులో ఇంటిపేరు పొట్టి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. భార్య పుట్టిన తేదీ పార్ట్ టూ ఆర్డర్‌లో (కుటుంబ వివరాలు ఎక్కించే సైనిక రికార్డులో) అసలు ఎక్కి ఉండదు. పెన్షనర్ బతికి ఉండగానే అఫిడవిట్‌తో జబల్‌పూర్‌లోని సిగ్నల్స్ రికార్డ్స్‌కు రాసి సరిచేయించుకుంటే పని సులువు. ఆయన పోయాక భార్య ఒక్కతే తిరగాల్సి వస్తుంది. డిశ్చార్జి బుక్కు, పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం), ఆధార్, బ్యాంకు పాస్ బుక్కు – నాలుగూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చి చూడడానికి ఒక్కొక్కరికి పది నిమిషాలు పడుతుంది. చూపు బాగున్న ఇద్దరు కూర్చుంటే సాయంత్రానికి ముప్పై మందివి అయిపోతాయి.

బడా ఖానా అయ్యాక కేబుల్ చుట్టే పని కుర్రవాళ్ల మీద వదిలేయకుండా ఒక లైన్‌మన్ దగ్గరుండాలి. డ్రమ్మును తీగ దగ్గరకు నడిపించాలి గానీ తీగను నేల మీద ఈడ్చకూడదు. చుట్టేటప్పుడు గుడ్డ పట్టుకున్న చేతిలోంచి పోనిస్తే మట్టీ పోతుంది, చీలిన తొడుగూ చేతికి తగులుతుంది. తగిలిన చోట అప్పుడే టేపు వెయ్యాలి. తడి ఉంటే నీడన ఆరబెట్టి పెట్టెలో పెట్టాలి. టెలిఫోన్లలోంచి సెల్స్ తీసేయడం మరవొద్దు. వచ్చే ఫిబ్రవరి దాకా లోపలే ఉంటే కారి స్ప్రింగులు తినేస్తాయి.