సి5 పడ్డాక మీకేం లేదంకుల్: కాటలాన్‌తో నా అనుభవం

చదరంగంలో ఇ4 ఆడి (అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస), అవతలి రాజు పక్కనుండే ఎఫ్7 మీద పడి, పాతిక ఎత్తుల్లో తేల్చేసుకునే ఆట నాది. ర్యాపిడ్ (తక్కువ టైములో ముగిసే) టోర్నమెంట్లలో పిల్లలు దానికి విరుగుడు కనిపెట్టేశాక కాటలాన్ అనే ఓపెనింగ్ (ఆట మొదలుపెట్టే ఎత్తుల వరస) వైపు మళ్లాను. 2010లో సోఫియాలో ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీలో బల్గేరియా ఆటగాడు టోపలోవ్ మీద ఆనంద్ రెండో గేమ్, నాలుగో గేమ్ దీంతోనే గెలిచాడు, మనకూ అచ్చిరాదా అనుకున్నాను. ఆ రెండో గేమ్‌లో ఆనంద్ మంత్రుల్ని మార్చేసుకుని, తన బంట్లను ఎ నిలువు వరుసలో ఒకదాని వెనక ఒకటి పెట్టుకున్నాడు. ఎందుకో అప్పట్లో ఒక్క ముక్క అర్థం కాలేదు.

డి4, సి4, జి3, శకటు జి2కి. (బిషప్‌ని నేనిప్పటికీ శకటు అనే అంటాను, తాతయ్య నేర్పిన పేరు.) 1929లో బార్సిలోనా టోర్నమెంటువాళ్లు తమ ప్రాంతం కాటలోనియా పేరు నిలిచేలా ఏదైనా ఆడమని అడిగితే గ్రాండ్‌మాస్టర్ టార్టకోవర్ ఆడిన ఓపెనింగ్ ఇది. ఎత్తులు ఒక్క సాయంత్రంలో వచ్చేశాయి. ఆటే రాలేదు.

పన్నెండేళ్లుంటాయేమో, ఒక కుర్రాడు ఎదురుగా కూర్చున్నాడు. నా సి4 బంటు తినేశాడు. మంత్రిని సి2కి తెచ్చి, దాని బదులు వాడి బంటు తీసేసుకుని మురిసిపోయాను. వాడు ఎ6, బి5, శకటు బి7, గుర్రం డి7, ఆ తర్వాత తీరిగ్గా సి5. నా డి4 బంటుకీ వాడి సి బంటుకీ మార్పిడి అయిపోయింది. జి2 శకటుకి ఎదురుగా వాడి శకటు. ఓడిపోయాక, "సి5 పడ్డాక మీకేం లేదంకుల్" అన్నాడు, చిప్స్ తింటూ.

ఆ మాట పట్టుకుని ఇంట్లో చెక్కబోర్డు ముందు రెండు వారాలు కూర్చున్నాను. సెంటర్ కోసం కొట్లాట అంటే డి4, ఇ4లో బంట్లు నిలబెట్టడమే అని నా లెక్క. ఇక్కడ కొట్లాటంతా సి7లో ఉన్న బంటు కదులుతుందా లేదా అన్నదే. కదిలితే సమానం. కదలకపోతే అది సి నిలువు వరుసలో నా మంత్రికీ ఏనుగుకీ గురిగా మిగిలిపోతుంది, నేను నిదానంగా ఇ4 తోసుకోవచ్చు.

మరి ఆపేదెలా? పదో ఎత్తులో శకటుని డి2కి జరపాలి. చూడ్డానికి దద్దమ్మ ఎత్తులా ఉంటుంది. కానీ వాడి బి బంటు బి5కి వెళ్లిపోయింది కాబట్టి బి6లో అసలు ఎవరూ లేరు! శకటు ఎ5కి వెళ్తే బి6, సి7 మీదుగా నేరుగా డి8లోని మంత్రిని చూస్తుంది. సి7 బంటు ముందుకి కదిలితే మంత్రి పోతుంది. గుర్రాన్ని సి6కి తెచ్చి నా శకటుని బెదిరిస్తే, ఆ గుర్రమే సి బంటుకి అడ్డం. ఇది కనబడిన రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాతి టోర్నమెంటులో ఒక బ్యాంకు ఉద్యోగి మీద సరిగ్గా అదే స్థితి వచ్చింది. శకటు ఎ5లో పెట్టాను. ఆయన చెయ్యి సి7 బంటు దాకా వచ్చి గాల్లోనే ఆగింది. ఒకసారి నావైపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకుని, పదకొండు నిమిషాలు ఆలోచించి ఏనుగుని సి8కి జరిపాడు.

గేమ్ డ్రా అయింది. ఏనుగుల ఎండ్‌గేమ్ (ఆట చివరి దశ) నాకు రాదు, అది ఇంకో తలనొప్పి.