తీసేసి మళ్ళీ వేసినా అదే ఎర్రర్

శతక పద్యాలతో నేను చేసిన చిన్న ఆండ్రాయిడ్ యాప్ ఒకటి ప్లే స్టోర్‌లో ఉంది. వేమన, సుమతి, భాస్కర శతకాల పద్యాలు, తాత్పర్యాలు, నచ్చిన పద్యం దాచుకోవడానికి ఒక గూగుల్ లాగిన్. అంతే. దాంతో పైసా రాదు కాబట్టి ఏడాదికోసారి దుమ్ము దులిపి వదిలేస్తుంటాను. 2024లో మాత్రం కూర్చోక తప్పలేదు. ఆగస్టు 31 తర్వాత అప్‌డేట్ పంపాలంటే యాప్ టార్గెట్ ఏపీఐ 34, అంటే ఆండ్రాయిడ్ 14, అయి ఉండాలని ప్లే కన్సోల్‌లో, అంటే మేం యాప్‌లు అప్‌లోడ్ చేసే గూగుల్ పేజీలో, నోటీసు పెట్టారు. అడిగితే నవంబరు 1 దాకా గడువు ఇస్తామన్నారు కూడా. అడగడం ఎందుకు, మార్చాల్సింది ఒక్క అంకే కదా అనిపిస్తుంది ఎవరికైనా.

ఆ ఒక్క అంకె మారాలంటే ఏమేం మారాలో చూడండి. యాప్ కోడ్ రాసేది ఆండ్రాయిడ్ స్టూడియోలో. ఆ కోడ్‌ని కూర్చి యాప్‌గా తయారుచేసేది, అంటే బిల్డ్ చేసేది, గ్రాడిల్ అనే పనిముట్టు. దానికి ఆండ్రాయిడ్ పని నేర్పేది ఒక ప్లగిన్. ఏపీఐ 34ని సరిగ్గా అర్థం చేసుకునేది ఆండ్రాయిడ్ గ్రాడిల్ ప్లగిన్ 8.1. నా ప్రాజెక్టు 7.4లో ఉంది. 8.1కి గ్రాడిల్ 8.0 అయినా ఉండాలి. ప్లగిన్ 8 నడవడానికి జావా 17 ఉండాలి, 7.4కైతే జావా 11 సరిపోయేది. ఆ ప్లగిన్‌ని గుర్తుపట్టాలంటే ఆండ్రాయిడ్ స్టూడియో కూడా జిరాఫ్ వెర్షన్, లేదా ఆ తర్వాతిది అయి ఉండాలి. అంటే స్టూడియో, ప్లగిన్, గ్రాడిల్, జావా అన్నీ ఒకేసారి ఎక్కాలి. అప్‌డేట్ చేశాను. స్టూడియో చక్కగా తెరుచుకుంది. ప్లగిన్‌ని పైకెక్కించే అసిస్టెంట్ కూడా తన పని తాను చేసింది. ప్రాజెక్టుని గ్రాడిల్‌తో చదివించే సింక్ బటన్ నొక్కగానే ఎర్ర అక్షరాలు: అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65.

ఇలాంటి ఎర్రర్ వస్తే దొరికే సలహాలన్నీ ఒకే వరసలో ఉంటాయి. కాష్‌లు ఇన్వాలిడేట్ చెయ్యి, రీస్టార్ట్ చెయ్యి, అదీ కాకపోతే స్టూడియో తీసేసి మళ్ళీ వెయ్యి. ఇన్‌స్టాలర్ ఒక జీబీ పైనే ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద, రోజుకు 1.5 జీబీ ప్యాక్‌తో దాన్ని దించడమంటే ఆ రోజుకి ఇంట్లో ఇంకెవరూ నా డేటా అడగకూడదు. దించాను, పాతది తీశాను, కొత్తది వేశాను. అదే ఎర్రర్, అదే 65. ఒక్క అక్షరం కూడా మారలేదు.

ఈ ల్యాప్‌టాప్‌లోనే మా మేనల్లుడు బీటెక్ ల్యాబ్ ప్రోగ్రాములు చేసుకుంటాడు. పక్కనే కూర్చుని చూస్తున్నాడు. "మామయ్యా, విండోసే మళ్ళీ వేసేద్దామా?" అన్నాడు. వాళ్ళ హాస్టల్లో అన్ని రోగాలకూ అదే మందట. వద్దురా, ముందు ఆ 65 ఏంటో చూద్దాం అన్నాను.

జావా కంపైల్ చేసిన ప్రతి క్లాస్ ఫైల్ మొదట్లో ఒక వెర్షన్ నంబరు ఉంటుంది. అందులోంచి 44 తీసేస్తే జావా వెర్షన్ వస్తుంది. 52 అంటే జావా 8, 55 అంటే 11, 61 అంటే 17. మరి 65 అంటే 21. నా ప్రాజెక్టుకి కావలసింది 17. స్టూడియో తనతోపాటు తెచ్చుకున్నదీ 17 వెర్షన్ జావానే, దాని ఇన్‌స్టాల్ ఫోల్డర్లో జేబీఆర్ అనే పేరుతో ఉంటుంది. మరి 21 ఎక్కడి నుంచి వచ్చింది? మావాడి ల్యాబ్ నుంచి. కాలేజీలో కొత్త జావా వాడమన్నారని జేడీకే 21 (జావాలో ప్రోగ్రాములు రాయడానికి కావలసిన కిట్) వేసుకుని, జావా ఏ ఫోల్డర్లో ఉందో మిగతా ప్రోగ్రాములకు చెప్పే జావా హోమ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని దానివైపు తిప్పాడు. వాడి పనికి అది సరైనదే. కానీ గ్రాడిల్ 8.0 జావా 19 దాకానే నడుస్తుంది. జావా 21 మీద నడవాలంటే గ్రాడిల్ 8.5 రావాలి.

ఇక్కడొక సందేహం రావాలి. స్టూడియోకి సొంత జావా ఉండగా జావా హోమ్ జోలికి ఎందుకు వెళ్ళినట్టు? సెట్టింగ్స్‌లో గ్రాడిల్ జేడీకే అని ఒక గడి ఉంటుంది. నా ప్రాజెక్టులో అక్కడ జావా హోమ్ అని ఎంచి ఉంది. ఆ ఎంపిక స్టూడియో దగ్గర ఉండదు, ప్రాజెక్టు ఫోల్డర్లో డాట్ ఐడియా అనే ఉపఫోల్డర్లో, గ్రాడిల్ డాట్ ఎక్స్ఎంఎల్ ఫైలులో ఉంటుంది. స్టూడియోని వందసార్లు తీసి వేసినా ఆ ఫైలుని ముట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు. అసలు ఈ పనిముట్ల సామాను ఒక్కచోట ఉండనే ఉండదు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉన్నది స్టూడియో ఒక్కటే. ఎస్‌డీకే, అంటే ఆండ్రాయిడ్ యాప్‌లు కట్టే కిట్, యాప్‌డేటా కింద లోకల్‌లో ఉంటుంది. సెట్టింగ్స్ యాప్‌డేటా రోమింగ్‌లో, వెర్షన్‌కో ఫోల్డర్ చొప్పున. దించుకున్న గ్రాడిల్, లైబ్రరీలు యూజర్ ఫోల్డర్లోని డాట్ గ్రాడిల్‌లో. ఎమ్యులేటర్లు, డీబగ్ కీ డాట్ ఆండ్రాయిడ్‌లో. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళినా గోడలకు కొట్టిన మేకులు మిగిలిపోయినట్టు, అన్‌ఇన్‌స్టాల్ చేశాక ఇవన్నీ అలాగే ఉంటాయి.

సరే, గడిలో జేబీఆర్ ఎంచాను. స్టూడియోలో సింక్ ముందుకు నడిచింది. అయితే ప్లే స్టోర్‌కి పంపే రిలీజ్ బిల్డ్ నేను కమాండ్ ప్రాంప్ట్‌లో గ్రాడిల్‌డబ్ల్యూ అనే స్క్రిప్టుతో చేస్తాను, అలవాటు. అక్కడ ఇంకా 65 అనే అంటోంది. ఆ స్క్రిప్టుకి స్టూడియో సెట్టింగ్స్‌తో సంబంధం లేదు. జావా హోమ్ ఉంటే దాన్ని వాడుతుంది, లేకపోతే పాత్‌లో, అంటే ప్రోగ్రాముల కోసం విండోస్ వెతికే ఫోల్డర్ల జాబితాలో, మొదట దొరికిన జావాని పిలుస్తుంది. మావాడు సెమిస్టర్ అయిపోయింది కదా అని జేడీకే 21ని అప్పటికప్పుడే తీసేశాడు. ఎర్రర్ మారింది: జావా హోమ్ చెల్లని ఫోల్డర్‌ని చూపిస్తోందట. జావా పోయింది, దాని చిరునామా రాసిన వేరియబుల్ మిగిలింది. దాన్నీ తీసేశాం. ఎర్రర్ మళ్ళీ మారింది. ఈసారి మాకు కావలసిన వెర్షన్ కాదని, దొరికింది జావా 8 అని దాని సారాంశం.

జావా 8 వేసినట్టు నాకూ గుర్తులేదు, వాడికీ తెలియదు. ఇలాంటప్పుడు ఊహలతో పనిలేదు. కమాండ్ ప్రాంప్ట్‌లో 'వేర్ జావా' అని కొడితే పాత్‌లో దొరికిన జావాలన్నీ వరసగా వస్తాయి. మొదటి లైనులో ఉన్నదే గెలిచినట్టు. మొదటి లైను ప్రోగ్రామ్ ఫైల్స్ ఎక్స్86 కింద కామన్ ఫైల్స్‌లోని జావాపాత్ ఫోల్డర్. జావా 8 ఇన్‌స్టాలర్ వచ్చేటప్పుడు సిస్టమ్ పాత్ ముందు వరసలో దీన్ని పెట్టి వెళ్తుంది. ఎప్పుడో డిజిటల్ సంతకం కోసం వేసిన పాత సాఫ్ట్‌వేర్ తనకు కావాలని దాన్ని తెచ్చుకుంది. ఆ సాఫ్ట్‌వేర్ ఎప్పుడో పోయింది.

నేను జేడీకే 17 విడిగా వేసి, దాని బిన్ ఫోల్డర్‌ని నా యూజర్ పాత్‌లో అందరికంటే పైన పెట్టాను. అయినా జావా 8 పలుకుతోంది. విండోస్ ముందు సిస్టమ్ పాత్ మొత్తం తీసుకుని, దాని చివర యూజర్ పాత్ అతికిస్తుంది. కాబట్టి యూజర్ పాత్‌లో ఎంత పైన పెట్టినా సిస్టమ్ పాత్‌లో ఉన్నదాని వెనకే నిలబడాలి. జావా 8ని పూర్తిగా తీసేసి, జావా హోమ్‌ని 17కి పెట్టాక గానీ దారికి రాలేదు. ఇంకొకటి, ఇవి మార్చేటప్పటికే తెరిచి ఉన్న కమాండ్ ప్రాంప్ట్‌కి మార్పు తెలియదు. మూసి కొత్తది తెరవాలి. స్టూడియోకీ అంతే. చాలామంది సరిగ్గానే మార్చి, పాత విండోలో పరీక్షించి, పని చేయలేదని ఇంకేదో మార్చేస్తుంటారు. అక్కడి నుంచే అసలు చిక్కుముడి పడుతుంది.

మధ్యలో డేటా అయిపోయింది. గ్రాడిల్ జిప్ సగంలో ఆగింది. మర్నాడు బిల్డ్ చేస్తే 'జిప్ ఎండ్ హెడర్ నాట్ ఫౌండ్' అని వచ్చింది. ఇది చూసి భయపడాల్సింది లేదు. డాట్ గ్రాడిల్, ర్యాపర్, డిస్ట్స్ లోపల ఆ వెర్షన్ ఫోల్డర్ ఒక్కటి తీసేస్తే మళ్ళీ దించుకుంటుంది. మొత్తం డాట్ గ్రాడిల్‌ని తీసేయమనే సలహా మాత్రం నెట్ ధారాళంగా ఉన్నవాళ్ళకే. అందులో ఉన్న లైబ్రరీలన్నీ మళ్ళీ దిగాలి కదా. నాకు ఆ ఒక్క ఫోల్డర్ కూడా ఊరికే పోలేదు, ఎవరో వాడుతున్నారని విండోస్ మొరాయించింది. గ్రాడిల్ పని అయిపోయాక కూడా వెనకాల డీమన్ అనే ప్రాసెస్ బతికే ఉంటుంది, పనేమీ తగలకపోతే మూడు గంటల తర్వాత తనంతట తాను పోతుంది. గ్రాడిల్ అసలు మొదలే కాని స్థితి కాబట్టి స్టాప్ కమాండ్‌తో లాభం లేదు. టాస్క్ మేనేజర్‌లో జావా ప్రాసెస్‌లు మూసేశాక ఫోల్డర్ కదిలింది.

ఆ తర్వాత వచ్చినవి నిజంగా ప్లగిన్ 8 తెచ్చిన మార్పులు. యాప్ వివరాలు రాసే మ్యానిఫెస్ట్ ఫైలులో ఉండే ప్యాకేజీ పేరుని బిల్డ్ ఫైలులో నేమ్‌స్పేస్‌గా రాయాలి. నా మాడ్యూల్‌కి అసిస్టెంట్ రాసిపెట్టింది, సోర్స్‌తో సహా తెచ్చి పెట్టుకున్న ఒక పాత లైబ్రరీకి నేనే రాశాను. యాప్ వెర్షన్ లాంటి వివరాలు కోడ్‌కి అందించే బిల్డ్‌కాన్ఫిగ్ క్లాస్ కనబడడం లేదంటే, అది ఇప్పుడు అడిగితే తప్ప తయారవదు, ఒక లైనుతో ఆన్ చేయాలి. ఇవి పావుగంట పనులు.

టెన్షన్ పెట్టింది ఆఖరిది. ఈ తీసివేతల మధ్యలో డాట్ ఆండ్రాయిడ్ ఫోల్డర్ కూడా తీసి చూడమని ఒక వీడియోలో చెప్పారు. నేను దేన్నీ డిలీట్ చేయను, పేరు చివర ఓల్డ్ అని తగిలించి పక్కన పెడతాను. అలాగే చేశాను. బిల్డ్ అయ్యాక ఫోన్‌లోకి పంపితే, సంతకం సరిపోలడం లేదు, పాత యాప్ మీద వెయ్యనంది. పాతది తీసేసి వేస్తే ఎక్కింది, కానీ గూగుల్ లాగిన్ నొక్కితే ఎర్రర్ కోడ్ 10. ఇది జావా గొడవ కాదు, నేను రాసిన కోడ్ గొడవా కాదు. పరీక్షించే యాప్‌కి స్టూడియో డీబగ్ కీతో సంతకం చేస్తుంది. ఆ కీ డాట్ ఆండ్రాయిడ్‌లో డీబగ్ డాట్ కీస్టోర్ అనే ఫైలులో ఉంటుంది. లేకపోతే ఎవరినీ అడక్కుండా కొత్తది పుట్టించుకుంటుంది. గూగుల్ లాగిన్‌కి నేను నమోదు చేసింది పాత కీ తాలూకు షా1 వేలిముద్ర. కొత్త కీ దానికి అపరిచితురాలు. ఓల్డ్ ఫోల్డర్లోంచి ఆ ఒక్క ఫైలు వెనక్కి తెచ్చి పెడితే లాగిన్ పలికింది. ఫోల్డర్ డిలీట్ అయిపోయినవాళ్ళు కొత్త షా1ని కన్సోల్‌లో చేర్చుకుంటే సరిపోతుంది, ప్రాణం మీదకు వచ్చేదేమీ కాదు. రిలీజ్ కీ సంగతి వేరు. సంతకం చేసే కీని గూగులే దాచిపెట్టే ప్లే యాప్ సైనింగ్‌లో చేరని పాత యాప్ అయితే, రిలీజ్ కీ ఉండే జేకేఎస్ ఫైలు పోతే ఆ యాప్‌కి ఇక అప్‌డేట్ లేదు. నాది స్టూడియోని మొదటిసారి తీసేముందే పెన్‌డ్రైవ్‌లోకి వెళ్ళింది.

టార్గెట్ 34తో కట్టిన యాప్ ఫైలు (బండిల్) గడువు లోపలే ప్లే కన్సోల్‌కి ఎక్కింది, రివ్యూ కూడా దాటింది. కొత్త సెమిస్టర్ మొదలవగానే మావాడికి జావా 21 మళ్ళీ కావలసి వచ్చింది. ఈసారి ఇన్‌స్టాలర్లో పాత్, జావా హోమ్ రెండూ వద్దని పెట్టి వేశాం. వాడి ఎడిటర్ సెట్టింగ్స్‌లో ఆ ఫోల్డర్‌ని నేరుగా చూపించాం. 'వేర్ జావా' కొడితే ఇప్పుడు ఒక్క లైనే వస్తోంది.